అచ్చు మారని పడవ

హుస్సేన్‌సాగర్‌లో వానాకాలపు గాలికి పరుగులు తీసే చిన్న తెరచాప పడవలు అందానికి పెట్టింది పేరేమీ కావు. పడవ అనగానే మనకు తోచే కోసుగా సాగిన ముక్కు, పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్‌కు లేనే లేదు. ముందువైపు పలకతో మూసేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. పెద్దవాళ్ల లేజర్ ఇంకా నిరాడంబరం: నీటిని అంటిపెట్టుకున్న తెల్లటి డొల్ల, దాని మీద ఒక స్తంభం, ఒకే ఒక్క తెరచాప. ఇప్పుడు రెండూ ఫైబర్‌గ్లాసువే. మొదటిదాని రూపం 1947 నాటిది, రెండోదాన్ని గీసింది 1969లో. అప్పటి కార్లు ఇప్పుడు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి, అప్పటి టెలిఫోన్లు పాతసామాన్ల కొట్లలో కూడా దొరకడం కష్టం. ఈ పడవలను మాత్రం నేటికీ కొత్తగా చేసి అమ్ముతున్నారు. సముద్రానికి దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న తెలంగాణ చెరువులో కూడా పోటీలు పెట్టి నడుపుతున్నారు. దీనికి చాలామంది చెప్పే కారణం ఒకటే: ఫైబర్ గట్టిది, చెదలు పట్టదు, కుళ్లదు. అది నిజమే గాని సగం నిజం. గట్టిదనమే అసలు కారణమైతే, అదే ఫైబర్‌తో చేసి, కొన్నాళ్లు అమ్ముడుపోయి, ఆనక ఊసు లేకుండా పోయిన నమూనాలు అన్నేసి ఎందుకున్నాయి? ఈ చిన్న పడవ ఆయుష్షు దాని అచ్చులో ఉంది. ఆ అచ్చు జోలికి పోకూడదని నడిపేవాళ్లంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటులో ఉంది. పదార్థం ఆ కట్టుబాటును సాధ్యం చేసింది, అంతవరకే దాని గొప్ప.

ముందు ఆ పదార్థం సంగతి. గాజును సన్నటి పోగులుగా తీయడం 1930లలో అమెరికాలో పరిశ్రమగా మారింది. దాదాపు అదే కాలంలో, గట్టిపడిన తర్వాత మళ్లీ కరగని పాలియెస్టర్ రెజిన్ తయారైంది. ఈ రెండూ కలిస్తే వచ్చేదే ఫైబర్‌గ్లాస్. ఒహైయోలో రే గ్రీన్ అనే ఆయన 1942 నాటికే దీంతో చిన్న పడవ చేసి చూశాడు. చేసే పద్ధతి ధూల్‌పేటలో వినాయకుడి విగ్రహాలు పోసే పద్ధతికి దగ్గరగా ఉంటుంది: నైపుణ్యమంతా మొదటి విగ్రహం మీద, దాని నుంచి తీసిన అచ్చు మీద ఖర్చవుతుంది, ఆ తర్వాత వచ్చేవన్నీ దాని కవలలే. పడవ అచ్చు లోపలి గోడకు మైనం రుద్దుతారు. దాని మీద రంగుపూత వేస్తారు. రేపు బయటికి కనిపించే నున్నటి చర్మం అదే. ఆపైన గాజుపోగుల చాపలు పరిచి, రెజిన్ తడుపుతూ, రోలర్లతో గాలిబుడగలు పోగొడుతూ పొర మీద పొర వేస్తారు. గట్టిపడ్డాక అచ్చులోంచి ఊడదీస్తే పడవ డొల్ల సిద్ధం. చెక్క పడవ సంగతి ఇలా కాదు. ప్రతి పలకనూ వంచాలి, అతకాలి, సందులు కూరాలి. ఒకే వడ్రంగి ఒకే గీత చూసుకుని చేసినా రెండు పడవలు ఒకలా రావు. చెక్కలో తేడా రావడం సహజం, ఫైబర్‌లో తేడా రావాలంటే ఎవరైనా కావాలని తేవాలి. ఈ పడవ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది.

పదార్థం కొత్తదే గాని అచ్చులోకి వెళ్లిన రూపాలు కొత్తవి కావు. స్వీడన్‌లో టార్డ్ సుండెన్ గీత ప్రకారం 1942లో నీటిలోకి దిగిన ఫోక్‌బోట్, మామూలు జనానికి అందుబాటులో ఉండాలని తలపెట్టిన పాతికడుగుల చెక్క పడవ. దాని ఒడ్డూపొడుగూ దగ్గర పెట్టుకుని ఇంగ్లండ్‌లో డేవిడ్ శాడ్లర్, జెరెమీ రోజర్స్ 1960ల మధ్యలో కాంటెస్సా 26ను ఫైబర్‌లో పోశారు. అమెరికాలో వరుసకు అన్నదమ్ములైన పియర్సన్‌లు 1959 జనవరిలో న్యూయార్క్ పడవల ప్రదర్శనలో ట్రైటన్ పెట్టారు. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఆ 28 అడుగుల పడవ ఏడు వందల దాకా తయారైంది. మధ్యతరగతి కుటుంబం కొనుక్కుని, లోపలే వండుకుని, పడుకుని, వారాల తరబడి తిరగగల పడవ అచ్చులోంచి వరసగా రావడం అప్పుడే మొదలైంది. ఫైబర్ ఎంత మందం ఉంటే చాలునో ఆ రోజుల్లో ఎవరికీ రూఢిగా తెలియదు. అందుకని భయం కొద్దీ మందంగా వేశారు. ఆ అజ్ఞానమే వాటికి దీర్ఘాయువు పోసింది. పద్దెనిమిదేళ్ల తానియా ఏబీ 1985లో న్యూయార్క్ నుంచి బయలుదేరి 1987లో భూమి చుట్టి వచ్చింది అలాంటి కాంటెస్సా 26లోనే. దాదాపు అవే నెలల్లో, 1985 సెప్టెంబరు నుంచి 1987 జనవరి దాకా, మన సైన్యపు ఇంజనీర్ల దళం ‘తృష్ణ’ అనే 37 అడుగుల ఫైబర్ పడవలో ప్రపంచాన్ని చుట్టింది. తెరచాప మీద భూమి చుట్టిన మొదటి భారతీయ బృందం వాళ్లదే. ఈ రెండు పడవల్లో ఏదీ అప్పటికే కొత్త నమూనా కాదన్నది గమనించాలి.

పాత అచ్చు మీద ఈ గౌరవం ఎంతదూరం పోయిందో చెప్పడానికి గోల్డెన్ గ్లోబ్ పందెం నిబంధనలు చాలు. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టాల్సిన ఈ పందేన్ని 2018లో తిరిగి మొదలుపెట్టినప్పుడు, పడవ 32 నుంచి 36 అడుగుల లోపు ఉండాలనీ, దాని నమూనా 1988కి ముందుదై ఉండాలనీ, ఒకే అచ్చులోంచి కనీసం 20 పడవలు వచ్చి ఉండాలనీ షరతు పెట్టారు. అచ్చు ప్రసక్తి నిబంధనల్లోనే ఉందన్నమాట. మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ ఆ మొదటిసారి పాల్గొన్నది ‘తురీయ’ అనే చెక్క పడవలో. ముంబయిలో టేకుతో కట్టిన ‘సుహైలీ’ అనే పాత పడవకు ప్రతిరూపంగా గోవాలో దాన్ని తయారుచేశారు, దానికి నిబంధనల్లో ప్రత్యేకంగా చోటిచ్చారు. దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు స్తంభాలు విరిగి, ఆయన వెన్నెముక దెబ్బతిని, ఫ్రెంచి ఓడ వచ్చి కాపాడాల్సి వచ్చింది. 2022లో మళ్లీ బయలుదేరినప్పుడు ఎంచుకున్నది రస్లర్ 36, ఫైబర్ పడవ, 1980 ప్రాంతపు నమూనా. 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో గమ్యం చేరాడు. దీన్నిబట్టి చెక్క ఓడింది, ఫైబర్ గెలిచింది అని తీర్పు చెప్పేయడం తొందరపాటు. 2018లో అదే తుపానులో ఒక ఫైబర్ పడవ స్తంభాలూ విరిగాయి. మనకు పనికొచ్చే సంగతి వేరే: ఉపగ్రహాల కాలంలో కూడా నావికులు నలభై ఏళ్ల నాటి అచ్చును ఏరికోరి తెచ్చుకుని, కొత్త నమూనాకు తలుపు మూశారు. పడవలన్నీ ఒక తీరున ఉంటేనే మనిషి సత్తా తేలుతుందని వాళ్ల నమ్మకం.

మహాసముద్రాల పడవల నుంచి ఇక మన చెరువు పడవలకు వద్దాం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం క్లియర్‌వాటర్‌లో, తండ్రీకొడుకులు ఇంటి దగ్గర కట్టుకోగలిగిన పిల్లల పడవ కావాలని స్థానిక ఆప్టిమిస్ట్ క్లబ్బు వాళ్లు అనుకున్నారు. ప్లైవుడ్ ఎనిమిదడుగులు, నాలుగడుగుల పలకల్లో దొరుకుతుంది కాబట్టి క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు ఆ కొలతలకే పడవను ఇమిడ్చాడు. ముక్కు మొద్దుగా ఉండటానికి ఇదే కారణం: కోసుగా సాగదీస్తే పలక చాలదు. యాభై డాలర్లలోపు పని అయిపోవాలన్నది షరతు. 1954లో ఆక్సెల్ డాంగార్డ్ దాన్ని డెన్మార్క్ పట్టుకెళ్లాడు, అక్కణ్నుంచి ఐరోపా అంతా పాకింది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో నడుపుతున్నారు. పొడవు 2.36 మీటర్లు, డొల్ల బరువు 35 కిలోలు, నడిపేవాళ్ల వయసు పదిహేనేళ్లు దాటకూడదు. ఇద్దరు పిల్లలు పట్టుకుంటే ఒడ్డుకు లాగేయవచ్చు. బోల్తాపడినా మునగకుండా లోపల గాలి సంచులుంటాయి. పిల్లవాడే తిరగేసి, నీళ్లు తోడి, మళ్లీ ఎక్కి పోవచ్చు. బోల్తాపడటం ఇక్కడ ప్రమాదం కాదు, మొదటి వారం పాఠాల్లో ఒకటి. ప్లైవుడ్ పోయి ఫైబర్ వచ్చాక కూడా ఆ పలక కొలతలు అలాగే ఉండిపోయాయి. ఈ మధ్యలో ఒక చిక్కు వచ్చింది. నిబంధనల్లో ఉన్న సందుల్ని వాడుకుని తయారీదారులు కొంచెం కొంచెం వేగమైన డొల్లలు పోయసాగారు. డబ్బున్న తల్లిదండ్రులు వాటి వెంట పడ్డారు. 1990ల మధ్యలో కొలతలను బిగించి, ఏ దేశంలో పోసినా ఒకే రూపం రావాలని తేల్చారు. పిల్లల పందెం మళ్లీ పిల్లల చేతికి వచ్చింది.

లేజర్‌కు ఆ అవస్థ లేదు, అది పుట్టడమే అచ్చులో పుట్టింది. 1969లో కెనడాకు చెందిన ఇయాన్ బ్రూస్ ఫోన్ చేసి, కారు మీద కట్టుకుపోగలిగిన చిన్న పడవ ఒకటి కావాలన్నప్పుడు, అవతల బ్రూస్ కిర్బీ మాట్లాడుతూనే కాగితం మీద ఒక బొమ్మ గీశాడట. ఆ బొమ్మే పెద్దగా మారకుండా పడవైంది. హాన్స్ ఫోగ్ తెరచాప కుట్టాడు. 1971 ఆరంభంలో న్యూయార్క్ ప్రదర్శనలో 595 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. స్తంభం రెండు ముక్కలు, ఒకదాంట్లో ఒకటి దూరుతుంది. తెరచాప దానికి తొడుగులా ఎక్కుతుంది. పది నిమిషాల్లో నీళ్లలోకి దిగవచ్చు. డొల్ల బరువు అరవై కిలోల లోపే. ఇంతవరకు రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, 2008 నుంచి ఆడవాళ్ల విభాగం కూడా చేరింది. ఇందులో అచ్చు ఎంత గట్టిగా పనిచేస్తుందో తెరచాపల లెక్క చూస్తే తెలుస్తుంది. డొల్ల ఒకటే, తెరచాపలు మూడు: బరువైన మగవాళ్లకు 7 చదరపు మీటర్ల పైచిలుకు, ఆడవాళ్లకు దాదాపు 5.8, పిల్లలకు 4.7. ఆప్టిమిస్ట్ వయసు దాటిన పిల్లవాడు చిన్న తెరచాపతో మొదలుపెట్టి, ఒళ్లు పెరిగేకొద్దీ తెరచాప మార్చుకుంటూ అదే డొల్లలో ఒలింపిక్స్ దాకా పోవచ్చు. కొత్త పడవ కొనాల్సిన పని ప్రతి మెట్టు దగ్గరా రాదు, నేర్చుకున్నది వృథా పోదు. పోటీలో వెనకబడితే ‘నా పడవ పాతది’ అనడానికి వీలు తక్కువ. కాని డొల్ల బాగా వాడితే మెత్తబడుతుందని, పెద్ద పోటీలవాళ్లు కొత్తది కోరుతారని ఒప్పుకోవాలి. చెరువు స్థాయిలో ఆ తేడా నడిపేవాడి తప్పుల ముందు ఎంతో కాదు.

ఇదంతా పదార్థం మహిమే అనేవాళ్లకు మన జలాల నుంచే రెండు సాక్ష్యాలు చూపవచ్చు. ఆంధ్ర తీరంలో మత్స్యకారుల తెప్ప తేలికైన దుంగలను తాళ్లతో కట్టింది. ఒడ్డుకు వచ్చాక విప్పి ఆరబెట్టేవాళ్లు, గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ కార్యక్రమం, ఇసుక ఒడ్డున దిగగల కొత్తరకం పడవల మీద ప్రయోగాలు చేసింది. క్రమంగా ఫైబర్ తెప్ప వచ్చింది, దానితో ఇంజనూ వచ్చింది, తెరచాప పోయింది. కృష్ణా, తుంగభద్రల మీద పుట్టి సంగతీ చెప్పుకోవాలి. వెదురు బద్దలు అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి, తరవాత టార్పాలిన్ తొడుక్కుంది, ఇప్పుడు ఫైబర్‌లోనూ దొరుకుతోంది. ఈ రెండు చోట్లా ఫైబర్ గట్టిదనం పనికొచ్చింది, జీవనం కొంత సులువైంది. అయినా ఒక ఊరి ఫైబర్ తెప్ప పక్క ఊరి తెప్పలా ఉండదు. ఉండాల్సిన అవసరమూ లేదు. వేటకు పోయేవాడికి వల, ఇంజను, ఒడ్డు ఎలా ఉంటే తెప్ప అలా ఉండాలి. అందువల్ల దాని రూపం ఏటా మారుతూనే ఉంటుంది, మారడమే దాని ధర్మం. అదే పదార్థం ఒకచోట మార్పుకు, ఇంకోచోట నిలకడకు ఉపయోగపడిందంటే, నిలకడకు కారణం పదార్థంలో వెతకడం దండగ.

సముద్రమే లేని తెలంగాణకు తెరచాపతో ఏం పని అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఓరుగల్లు నుంచి ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం వాళ్లకు మొదటి జవాబు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మానిపించి, సముద్ర వర్తకులకు సుంకం మినహా మిగిలినదంతా వదిలేస్తానని మాటిచ్చిన శాసనమది. సముద్రానికి దూరంగా ఉన్న రాజధానికీ తెరచాప విలువ తెలుసు. చరిత్ర పక్కనబెట్టినా, లేజర్‌కు, ఆప్టిమిస్ట్‌కు సముద్రం అక్కర్లేదు. గాలి తగిలే నిలవ నీరు చాలు. ఆ నీరు హైదరాబాద్‌కు ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలోనే, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు రూపంలో ఉంది. దానికి మొదట నీళ్లు వచ్చింది మూసీ నుంచి తవ్విన కాలువలో. మూసీ పుట్టేది మన వికారాబాద్ అనంతగిరి కొండల్లో. వానాకాలంలో పడమటి గాలి నిలకడగా వీస్తుంది కాబట్టి పోటీలు ఆ నెలల్లోనే పెడతారు. సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ సైన్యపు ఈఎంఈ విభాగం వాళ్ల సెయిలింగ్ అసోసియేషన్, లేజర్ క్లాస్ వాళ్లతో కలిసి హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను దశాబ్దాలుగా నడుపుతోంది. చెరువు చుట్టూ ఎత్తయిన భవనాలు పెరిగి గాలి చెదిరిపోతోందన్న మాటలో నిజముంది. చెదిరిన గాలిని చదవడం నేర్చినవాడికి సముద్రపు గాలి సులువని శిక్షకులు అంటారు. అది కొంత సర్దిచెప్పుకోవడమే అయినా పూర్తిగా కాదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 254 రోజుల్లో భూమి చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళా అధికారుల్లో హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖకు చెందిన పి. స్వాతి ఉన్నారు. వాళ్ల ‘తారిణి’ 56 అడుగులది, లోపల చెక్క, పైన ఫైబర్‌గ్లాస్ పొర. అదీ అంతకుముందు దిలీప్ దోందే, అభిలాష్ టామీ ప్రపంచం చుట్టిన ‘మాదేయి’ గీత మీదే కట్టింది.

దీనికన్నా బరువైన అభ్యంతరం డబ్బుది. సెయిలింగ్ శ్రీమంతుల ఆటన్న పేరు ఊరికే రాలేదు. మన దేశంలో ఇది క్లబ్బుల గోడల లోపల, కంటోన్మెంట్ల నీడన పెరిగింది. కొత్త లేజర్ ధర లక్షల్లో ఉంటుంది, విడిభాగాలకు విదేశాల వైపు చూడాలి. ఇది కాదనలేం. అయితే మారని అచ్చు ఈ ఖర్చును పెంచుతోందా తగ్గిస్తోందా అని చూడాలి. ఏటా నమూనా మారే ఆటలో పాత సామాను చెత్తే. ఇక్కడ పదేళ్ల ఆప్టిమిస్ట్ మీద ఇంకో తరం నేర్చుకుంటుంది. ఒక క్లబ్బు వదిలేసిన పడవ ఇంకో బడికి పనికొస్తుంది. సుహేం షేక్ 2009లో సంజీవయ్య పార్కు దగ్గర మొదలుపెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్, పేద కుటుంబాల పిల్లలను, సర్కారు బడుల పిల్లలను ఆప్టిమిస్ట్ ఎక్కించి జాతీయ పోటీల దాకా తీసుకుపోగలిగింది. వాళ్ల పడవ, ముంబయి పెద్దింటి పిల్లల పడవ ఒకే కొలతవి కాబట్టే అది సాధ్యపడింది. మధ్యప్రదేశ్‌లో దేవాస్ జిల్లా రైతు కూతురు నేహా ఠాకూర్ నేర్చుకున్నది భోపాల్ చెరువులో. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ క్రీడల్లో చిన్న తెరచాప లేజర్ మీద ఆమెకు వెండి పతకం వచ్చింది. పెద్ద తెరచాప విభాగంలో సైనికుడు విష్ణు శరవణన్‌కు కంచు. భోపాల్‌కు సముద్రం హైదరాబాద్‌కన్నా దూరం. పడవ ఖరీదు మొత్తం సమస్య కాదని, దాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామన్నదే అసలు సమస్యని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి. సర్కారో, సైన్యమో, సహృదయులో ముందుకు రాకపోతే ఎంత చవకైన పడవైనా శ్రీమంతుల దగ్గరే ఉండిపోతుంది, అదీ నిజమే.

మారకపోవడంలో నష్టం లేదా అంటే ఉంది. నీటి పైకి లేచి రెక్కల మీద పరుగెత్తే కొత్త పడవలు వచ్చేశాయి; వాటి పక్కన లేజర్ నత్తనడక. కుర్రవాళ్లు వేగం వైపు పోతారు, పోనివ్వాలి. అంతకన్నా లోతైన దెబ్బ ఇంకొకటి తగిలింది. అచ్చు ఒకటే అయినప్పుడు దాన్ని పట్టుకున్నవాడు గుత్తాధిపతి అవుతాడు. ఎవరికి పోసే హక్కుంది, గీసినవాడికి రాయల్టీ ఎంత అన్న గొడవ ముదిరి బ్రూస్ కిర్బీ 2013లో అమెరికాలో కోర్టుకెక్కాడు. 2019లో నావికుల సంఘం పాత తయారీదారు ఒకరితో తెగతెంపులు చేసుకుని, వేరే దేశాల్లో కొత్తవాళ్లకు అనుమతులిచ్చింది. వాణిజ్యముద్ర ఆ తయారీదారు చేతిలో ఉండటంతో పోటీల్లో పేరే మారిపోయింది. ఒలింపిక్స్ జాబితాల్లో ఇప్పుడు లేజర్ ఉండదు, ఆ సంఘం పేరైన ఐఎల్‌సీఏ ఉంటుంది. పేరు పోయినా పడవ పోలేదన్నది నా వాదనకు బలమే. పడవ కంపెనీదైతే ఆ గొడవలోనే ముగిసేది. నడిపేవాళ్ల కట్టుబాటుది కాబట్టి పేరు విడిచి బతికింది. ఆటను పట్టి ఉంచేది సంఘమే గాని సరుకు కాదని దీన్నిబట్టి తేలుతోంది.

చివరి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. కుళ్లని పదార్థం కుళ్లదు, చచ్చాక కూడా. ఫైబర్‌ను కరిగించి మళ్లీ పోయడం కుదరదు. కాల్చినా, పాతినా ఇబ్బందే. ఫ్రాన్స్‌లో పాత పడవలను విడగొట్టే ఖర్చును తయారీదారుల నుంచి వసూలుచేసే ఏర్పాటు 2019లో మొదలైంది, మన దగ్గర అలాంటిది కనబడదు. ఐదారు దశాబ్దాలు నడిచే పడవ ఐదేళ్లలో పారేసేదానికన్నా నయమని అనవచ్చు, అచ్చు మారకపోతే పారేయాల్సిన అవసరం తగ్గుతుందనీ అనవచ్చు. అది సమస్యను వాయిదా వేయడమే. ఇక చెరువు మురుగు సంగతి. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే కంపును, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల అడుసును పడవలు తేలేదు. అయితే వారం వారం పిల్లలు దిగే చెరువును శుభ్రంగా ఉంచాలని అడిగే గొంతులు పెరుగుతాయి. బోల్తాపడ్డ పిల్లవాడి నోట్లోకి ఏ నీళ్లు పోతున్నాయో తెలిసిన తల్లిదండ్రులు, చెరువు గట్టున ఐస్‌క్రీమ్ తినేవాళ్లకన్నా గట్టిగా అడుగుతారు.

ఈ లెక్కన మన వికారాబాద్ జిల్లాకూ ఒక అవకాశం ఉంది. యాలాల్, తాండూరు పక్కనుంచి పారే కాగ్నాలో ఏడాది పొడుగునా అంత నీరు నిలవదు. దాన్ని ఆశించడం తప్పు. కాని వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టు కొన్నేళ్లుగా కయాక్‌లకు పేరుపడింది. ఆప్టిమిస్ట్ డొల్ల మధ్యలోంచి దించే పలక మునగడానికి మూడడుగుల లోతు చాలు. తెడ్డు వేసేచోట తెరచాప ఎత్తడానికి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు. కావలసింది పది పాత ఆప్టిమిస్టులు, ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్లు, ఎప్పుడూ సిద్ధంగా ఉండే రక్షణ పడవ, సెయిలింగ్ తెలిసిన ఒక శిక్షకుడు. చివరి రెండూ లేకుండా మొదటి రెండూ తేవద్దు. జిల్లా క్రీడాశాఖ, పర్యాటకశాఖ హైదరాబాద్ క్లబ్బులతో మాట్లాడి, మండలానికి ఇద్దరు చొప్పున సర్కారు బడి పిల్లలను ఒక వానాకాలం పంపి చూడాలి. ఈలోగా చూడాలనిపించినవాళ్లు తాండూరులో రైలెక్కి బేగంపేటలో దిగితే, సంజీవయ్య పార్కు అక్కడికి దగ్గరే. పోటీలు జులై, ఆగస్టుల్లో ఉంటాయి, గట్టు మీద నిలబడి చూడటానికి టికెట్టు అక్కర్లేదు.